అడవి దారిలో ‘హమ్‌’ పాట

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా దారి పొడవునా బొగ్గు, కరెంటు, అడవి. బొగ్గు కరెంటుగా మారుతుంది. ఆ కరెంటు ఊరూరికీ వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ చర్చిలో, పెళ్లి పందిట్లో, కాలేజీ వార్షికోత్సవంలో ఎలక్ట్రిక్‌ గిటార్‌లోకి దూరి ‘హుమ్‌...’ అని సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు వదిలించుకోవడానికి గిటార్‌ ‘పికప్‌’ మార్చాలనుకునే కుర్రకారు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతులన్నీ, చిత్రంగా, ఈ దారి పక్కనే ఉన్నాయి!

‘‘నాన్నా, పికప్‌ మార్చాలి. డబ్బులు కావాలి.’’
ఈ మాట వింటే ఖమ్మంలో ఏ తండ్రికైనా ముందు గుర్తొచ్చేది మిర్చి బస్తాలు మోసే ట్రాలీ బండి. ‘మనకి పికప్‌ ఎక్కడిదిరా?’ అంటాడు. కొడుకు గిటార్‌ తిప్పి చూపిస్తాడు. తీగల కింద వరసగా మూడు తెల్లటి ప్లాస్టిక్‌ ముక్కలు. ఒక్కోదాని మీదా ఆరు ఇనుప చుక్కలు. వీటికా వేలకు వేలు? అనిపించడం సహజం. కానీ ఎలక్ట్రిక్‌ గిటార్‌కి గొంతు అదే. చెక్క ఎంత మంచిదైనా, తీగలు ఎంత ఖరీదైనవైనా ఆ చిన్న ముక్క పట్టుకున్నంతే స్పీకర్లోంచి బయటికొస్తుంది.

కిలోమీటరు తీగ... బొటనవేలంత చోటు!
ఆ ప్లాస్టిక్‌ మూత తీస్తే లోపల రెండే రెండు వస్తువులు. అయస్కాంతం, రాగి తీగ. ఆరు తీగలకీ ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు. వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ... మందం మిల్లీమీటరులో 6 శాతం మాత్రమే. దాన్ని ఏడున్నర వేల నుంచి ఎనిమిది వేల చుట్లు చుడతారు. విప్పి సాగదీస్తే సుమారు కిలోమీటరు పొడవుంటుంది. ఇలా ఒకే చుట్ట ఉన్నదాన్ని ‘సింగిల్‌ కాయిల్‌’ పికప్‌ అంటారు.
పైన ఉక్కు తీగ మీటగానే అది వణుకుతుంది. ఆ వణుకు కింద ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని కదిలిస్తుంది. క్షేత్రం కదిలితే రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్‌ పెద్దది చేస్తే పాట! అందుకే ఎలక్ట్రిక్‌ గిటార్‌కి నైలాన్‌ తీగలు కడితే ఉలుకూ పలుకూ ఉండదు. అయస్కాంతానికి నైలాన్‌తో పనేముంటుంది?
ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో జార్జ్‌ బోషాంప్‌ అనే వాద్యకారుడు 1931లో ఇలాంటి పికప్‌తో గిటార్‌ తయారు చేశాడు. గుండ్రంగా, పొడుగు కాడతో ఉండటంతో దానికి ‘మూకుడు’ అన్న అర్థమొచ్చే ముద్దుపేరు పడింది. 1954లో ఫెండర్‌ కంపెనీ మూడు సింగిల్‌ కాయిల్స్‌తో ‘స్ట్రాటోకాస్టర్‌’ తెచ్చింది. ఇప్పుడు మన ఊళ్లలో కుర్రాళ్ల భుజాన కనిపించే రెండు కొమ్ముల గిటార్లలో చాలావరకు దాని పోలికే.
ఖమ్మం లాంటి వ్యవసాయ పట్టణాల్లో రాగి తీగ చుట్టే పని కొత్త కాదు. బోరు మోటార్లు కాలిపోతే వైండింగ్‌ షాపుకే కదా తీసుకెళ్లేది! సూత్రం అదే. పూత పూసిన రాగి తీగే. కాకపోతే మోటారు తీగ దీనికన్నా ఎన్నో రెట్లు లావు. గిటార్‌ తీగ గట్టిగా లాగితే పుటుక్కున తెగిపోతుంది. చేయి తిరిగినవాళ్లు తెగిన పికప్‌ని మళ్లీ చుట్టగలరు కానీ, దానికి వేరే యంత్రం, వేరే ఓపిక కావాలి.

డోర్నకల్‌... ఆదివారం ఆరాధన
ఈ అడవి దారుల్లో గిటార్‌ ఎక్కడ మోగుతుంది? రైల్లో వెళ్లేవాళ్లకు మొదటి జవాబు డోర్నకల్‌ జంక్షన్‌లో దొరుకుతుంది. ఒకప్పుడు ఖమ్మం సరిహద్దులో వరంగల్‌ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్‌ జిల్లా. 1912లో బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్‌.అజరయ్య ఆంగ్లికన్‌ సంఘంలో తొలి భారతీయ బిషప్‌. ఆయన కేంద్రం ఇదే. ఆయన కట్టించిన ఎపిఫనీ కథెడ్రల్‌ 1939లో ప్రతిష్ఠ జరుపుకొంది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని తలపిస్తాయి. చర్చి అంటే విలాయతీ కట్టడమే కానక్కర్లేదని చెప్పే కట్టడం.
ఆ సంప్రదాయం పాటలోనూ కనిపిస్తుంది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆదివారం ఆరాధనల్లో తబలా, డోలక్‌ పక్కనే కీబోర్డు, గిటార్‌ చేరాయి. చాలామంది పిల్లలకు తొలి స్వరం అక్కడే పడుతుంది. ఆ తర్వాత పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా, వినాయక చవితి పందిరి, కాలేజీ వేదిక.
తొలి గిటార్‌ సాధారణంగా చవకది. పికప్‌లో ఆల్నికో బదులు సిరామిక్‌ అయస్కాంతం. అందులో తప్పేమీ లేదు. అయితే లోపల వైర్లు పలచగా అతికించి వదిలేస్తారు. కవచం ఉండదు. రెండేళ్లు తిరిగేసరికి గరగర మొదలు. ‘కొత్త పికప్‌ వేస్తే సరి’ అని కుర్రాడు, ‘గిటారే వద్దు, చదువుకో’ అని ఇంట్లోవాళ్లు. అసలు జబ్బేంటో మాత్రం ఎవరూ చూడరు!

బోర్డు మీద భద్రాచలం... ఊరు కొత్తగూడెం
డోర్నకల్‌ నుంచి విడిపోయిన రైలు మార్గంలో ‘భద్రాచలం రోడ్‌’ అని బోర్డు కనిపిస్తుంది. రాములవారి ఊరొచ్చేసిందని దిగే కొత్త యాత్రికులకు అక్కడ ఆటోవాలాలు నవ్వుతూ చెప్పే మాట... ‘ఇది కొత్తగూడెం. గుడి ఇంకా నలభై కిలోమీటర్లు!’
ఈ రైలు మార్గం భక్తుల కోసం కాదు, బొగ్గు కోసం పుట్టింది. 1871లో జియలాజికల్‌ సర్వే ఉద్యోగి విలియం కింగ్‌ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో ‘సింగరేణి కాలరీస్‌’ పేరు వచ్చింది. కంపెనీ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలోనే. గనులతోపాటు క్వార్టర్లు, బళ్లు, క్లబ్బులు వచ్చాయి. షిఫ్టు దిగినవాళ్ల కోసం పాటలు, నాటకాలు వచ్చాయి. నల్లటి దుమ్ము పడిన ఊళ్లలో సంగీతానికి ఎప్పుడూ కరవు లేదు.
2016 అక్టోబరులో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు రెండు ఊళ్ల పేర్లూ కలిశాయి... భద్రాద్రి కొత్తగూడెం. స్టేషన్‌ బోర్డు ఎప్పుడో చేసిన పని జిల్లాకు అప్పుడు కుదిరిందన్నమాట!

పాల్వంచలో తిరిగేది... గిటార్‌లో వణికేది
కొత్తగూడెం దాటి పన్నెండు కిలోమీటర్లు వెళ్తే పాల్వంచ. ఇక్కడే కొత్తగూడెం థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం... అందరి నోటా కేటీపీఎస్‌. 1966లో మొదలైంది. బొగ్గు సింగరేణిది, నీళ్లు కిన్నెరసానివి. పాత యూనిట్లు ఆయుష్షు తీరి మూతపడ్డాయి. ఎన్నో ఏళ్లు ఊరికి గుర్తుగా నిలిచిన ఎనిమిది పాత కూలింగ్‌ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. తరవాతి దశల్లో కట్టినవి నడుస్తున్నాయి. 2018లో వచ్చిన పన్నెండో యూనిట్‌ ఒక్కటే 800 మెగావాట్లది.
ఇంతకీ విద్యుత్‌ కేంద్రానికీ గిటార్‌కీ ఏమిటి సంబంధం? రక్త సంబంధమే!
1831లో మైకేల్‌ ఫారడే కనిపెట్టిన సూత్రం ఒకటుంది. రాగి చుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. పాల్వంచలో ఆవిరి బలంతో టన్నుల బరువున్న విద్యుదయస్కాంతం రాగి చుట్టల మధ్య గిర్రున తిరుగుతుంది. గిటార్‌లో చిన్న ఉక్కు తీగ వణుకుతుంది. ఒకచోట మెగావాట్లు, మరోచోట ఎక్కడో వోల్టులో పదో వంతు. సూత్రం మాత్రం ఒక్కటే.
అక్కడితో ఆగలేదు చుట్టరికం. ఆ టర్బైన్‌ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 50 సార్లు. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగడానికి కారణం అదే. గోడలోని వైరు, ఫ్యాను, ట్రాన్స్‌ఫార్మరు... అన్నీ తమ చుట్టూ 50 సార్లు ఊగే అయస్కాంత క్షేత్రాన్ని వెదజల్లుతుంటాయి. సింగిల్‌ కాయిల్‌ అమాయకురాలు. తీగ వణుకేదో, కరెంటు ఊగేదేదో దానికి తేడా తెలియదు. రెండింటినీ మోస్తుంది. స్పీకర్లో వినిపించే ‘హమ్‌’ అదే!
2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్‌ మిగతా దేశంతో కలిసింది. ఆనాటి నుంచి పాల్వంచ టర్బైనూ, పంజాబ్‌ టర్బైనూ ఒకే తాళంలో తిరుగుతున్నాయి. కాబట్టి మన దేశంలో ఏ ఊళ్లో గిటార్‌ మూలిగినా శ్రుతి ఒకటే. నమ్మకం లేకపోతే గిటార్‌ ఆరో తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటి చూడండి. అది సెకనుకు 98 కంపనాలు. 50కి రెట్టింపైన 100కి దాదాపు అతుక్కుపోయి వినిపిస్తుంది.

కొనేముందు... నాలుగు పరీక్షలు
హమ్‌ వినపడగానే పికప్‌ మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు. తప్పు చాలాసార్లు వేరేచోట ఉంటుంది. రూపాయి ఖర్చు లేకుండా ముందు ఇవి చూడాలి.
ఒకటి... గిటార్‌ పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిరగాలి. ఒక వైపు తిరిగినప్పుడు హమ్‌ తగ్గితే అది బయటి క్షేత్రం పనే. ట్రాన్స్‌ఫార్మర్లకు, ఆంప్లిఫయర్‌కు దూరంగా నిలబడితే సగం బాధ పోతుంది. పెళ్లి పందిట్లో సీరియల్‌ లైట్లు, వెలుగు తగ్గించే డిమ్మర్లు కూడా గిటార్‌కు బద్ధశత్రువులే.
రెండు... తీగల మీద చేయి వేయాలి. గరగర తగ్గితే ఎర్తింగ్‌ బాగానే ఉంది, లోపల కవచం లేదని అర్థం. పికప్‌ గుంతల్లో రాగి రేకు అంటించి, దాన్ని ఎర్త్‌కు కలిపితే గరగర చాలావరకు సర్దుకుంటుంది. చేయి వేస్తే పెరిగిందంటే మాత్రం వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి.
మూడు... మల్టీమీటర్‌తో పికప్‌ రెండు వైర్ల మధ్య నిరోధం కొలవాలి. మామూలు సింగిల్‌ కాయిల్‌ అయిదున్నర నుంచి ఏడు కిలోఓమ్‌ల మధ్య చూపిస్తుంది. ముల్లు కదలకపోతే తీగ తెగినట్టే. అప్పుడే మార్చడం తప్పనిసరి.
నాలుగు... అన్నిటికన్నా ముఖ్యం. ప్లగ్గులో మూడో పిన్ను. ఎర్త్‌ లేని రెండు పిన్నుల బోర్డులో ఆంప్లిఫయర్‌ పెడితే హమ్‌ మాట దేవుడెరుగు, ప్రాణానికే ముప్పు. చేతిలో గిటార్‌ తీగలు, పెదవులకు మైకు... రెంటిలో ఒకదానికి ఎర్త్‌ సరిగా లేకపోతే కరెంటు గాయకుడి ఒంట్లోంచి దారి వెతుక్కుంటుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీలో లెస్లీ హార్వీ అనే గిటారిస్టు వేదిక మీదే ఇలా ప్రాణాలు వదిలాడు. ఊరి పందిళ్లలో తాత్కాలికంగా లాగిన వైర్ల మధ్య పాడే పిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్కటి అడిగినా చాలు... ‘ఎర్త్‌ ఉందా?’

కొత్త గొంతు ఎంచుకోవడం ఎలా?
ఇవన్నీ అయ్యాక కూడా మార్చాల్సిందే అనుకుంటే ఎంపిక మొదలు. ధరలు వెయ్యి, రెండు వేల నుంచి ఇరవై వేలు దాటేదాకా ఉన్నాయి. ఖరీదు ఒక్కటే చూసి కొంటే మోసపోయేది చెవులే.
అయస్కాంతం: అల్యూమినియం, నికెల్‌, కోబాల్ట్‌ కలిపిన లోహం ‘ఆల్నికో’. ఇందులో 5వ రకం స్వరం గలగల్లాడుతుంది, స్పష్టంగా ఉంటుంది. 2, 3 రకాలు మెత్తగా పలుకుతాయి. సిరామిక్‌ చవక, కాస్త పదును ఎక్కువ. నెమ్మదైన ఆరాధన గీతాలకు ఒకటి నప్పితే, ఆర్కెస్ట్రాలో డ్రమ్స్‌ మీంచి వినిపించడానికి మరోటి నప్పుతుంది.
చుట్లు: ఎక్కువ చుడితే శబ్దం పెరుగుతుంది, లావెక్కుతుంది. కానీ పై స్వరాల మెరుపు తగ్గుతుంది. ‘కిలోఓమ్‌లు ఎక్కువుంటే గొప్ప పికప్‌’ అనేది అపోహ. తీగ ఇంకాస్త సన్నగా ఉన్నా ఆ అంకె పెరుగుతుంది మరి.
చోటు: బ్రిడ్జ్‌ దగ్గర తీగ ఊగడం తక్కువ. అందుకే అక్కడి పికప్‌కు కొందరు తయారీదారులు చుట్లు కాస్త ఎక్కువ వేస్తారు. మూడూ సెట్‌గా కొంటే ఏది ఎక్కడిదో రాసి ఉంటుంది. తారుమారు చేయకూడదు.
కొలత: మొదటి తీగ కింది చుక్క నుంచి ఆరో తీగ కింది చుక్క దాకా స్కేలు పెట్టి కొలవాలి. 50 మిల్లీమీటర్లా, 52కు పైనా? గిటార్‌ను బట్టి ఈ తేడా ఉంటుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనుకుంటే పాత మూత పట్టదు, తీగలు అయస్కాంతాల మీద సరిగ్గా రావు.
హమ్‌ సంగతి: ఇక్కడే అసలు చిక్కు. 1955లో గిబ్సన్‌ కంపెనీ ఇంజినీరు సేత్‌ లవర్‌ రెండు చుట్టల పికప్‌ తయారు చేశాడు. రెండో చుట్టను ఎదురు దిశలో, అయస్కాంతాన్ని తలకిందులుగా పెట్టాడు. బయటి హమ్‌ రెండు చుట్టల్లోనూ ఎదురెదురై చెల్లిపోతుంది. తీగ పాట మాత్రం కలిసి రెట్టింపవుతుంది. దాని పేరే ‘హమ్‌బకర్‌’. మరింకేం, అందరూ అదే వేసుకోవచ్చు కదా? వేసుకోవచ్చు. కానీ సింగిల్‌ కాయిల్‌లోని ఆ గాజు గలగల అందులో ఉండదు. హమ్‌తోపాటు కొంత స్వరమూ పోతుంది. ఒక చుట్ట మీద మరో చుట్ట పేర్చిన ‘నాయిస్‌లెస్‌’ రకాలు మధ్యేమార్గం. అంతకన్నా చవకైన ఉపాయం మరోటుంది. మధ్య పికప్‌ని ఎదురు చుట్టుడు, ఎదురు అయస్కాంతంతో ఉన్నది ఎంచుకుంటే, స్విచ్‌ 2, 4 స్థానాల్లో రెండేసి పికప్‌లు కలిసి హమ్‌ని వాటంతటవే మింగేస్తాయి.
బిగించాక: పాత కనెక్షన్లు విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోవాలి. రెండు పికప్‌లు కలిపి వాయించినప్పుడు పీలగా, బోలుగా వినిపిస్తే ఒకదాని వైర్లు తిరగేయాలి. చివరి మెట్టు దగ్గర తీగ నొక్కి, పికప్‌కీ తీగకీ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎడం ఉంచి మొదలుపెట్టాలి. మరీ దగ్గరకు తెస్తే అయస్కాంతం తీగను లాగేసి శ్రుతి చెడగొడుతుంది. ఈ ఎత్తు సర్దడానికి కావాల్సింది ఒక్క స్క్రూడ్రైవర్‌. కొత్త పికప్‌ కొనకుండానే పాతదాని గొంతు మారిన సందర్భాలు కోకొల్లలు.

పాలకొల్లు పిల్లాడు చూపిన దారి
‘ఈ అయస్కాంతాలూ, తీగలూ పాశ్చాత్య సంగీతానికే కదా’ అనుకునేవారికి జవాబు గోదావరి దిగువన ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ చేతికి వచ్చింది మాండలిన్‌. దానికి జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటితే టింగుమని క్షణంలో ఆగిపోయే నాదం. గమకం పలకాలంటే స్వరం నిలవాలి, తీగ సాగాలి. జంట తీగలు సాగవు, చిన్న బుర్ర నాదాన్ని నిలపదు. శ్రీనివాస్‌ ఎలక్ట్రిక్‌ మాండలిన్‌ పట్టుకున్నారు. జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. పికప్‌, ఆంప్లిఫయర్‌ తోడయ్యాక స్వరం నిలిచింది. అంతవరకూ ‘ఇది కచేరీ వాద్యమా?’ అన్నవాళ్లు 1978లో గుడివాడ వేదిక మీద తొమ్మిదేళ్ల పిల్లాడి త్యాగరాజ కీర్తనలు విన్నారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో 45 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు. ఆయన మార్చింది వాద్యాన్ని. నిలబెట్టింది మన గమకాన్ని. ఏ సంగీతం వాయించాలో తేలాకే ఏ పికప్‌ కావాలో తేలుతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

కిన్నెరసాని గట్టున నిశ్శబ్దం
పాల్వంచ నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలో కిన్నెరసాని జలాశయం. చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. టేకు, మద్ది, వెదురు. నీళ్లలో మొసళ్లు. విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ రాసింది ఈ వాగు మీదే. కిన్నెర అంటే తీగ వాద్యం కూడా కదా!
గట్టుకు దూరంగా, కరెంటు వైరు కనపడని చోట బ్యాటరీ ఆంప్లిఫయర్‌తో అదే గిటార్‌ వాయిస్తే ఓ చిత్రం జరుగుతుంది. హమ్‌ ఉండదు. పికప్‌ మారలేదు, వైర్లు మారలేదు. చుట్టూ ఊగే కరెంటు లేదంతే. అంటే ఇన్నాళ్లూ మూలిగింది గిటార్‌ కాదు, మన ఇల్లు!
ఆ నీళ్లే పైపుల్లో పాల్వంచ వెళ్లి ఆవిరై టర్బైన్లు తిప్పుతాయని గుర్తొస్తే మాత్రం ఈ నిశ్శబ్దానికీ ఆ హమ్‌కీ మధ్య దూరం పన్నెండు కిలోమీటర్లే అనిపిస్తుంది.

డోలుకు విడిభాగాలు దొరకవు
పాల్వంచ నుంచి జాతీయ రహదారి 30 మీద ముందుకెళ్తే సారపాక. కాగితం మిల్లు దాటగానే గోదావరి. 1965లో ప్రారంభమైన వంతెన ఎక్కితే అవతల భద్రాచలం. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న కట్టించిన గుడి. గోల్కొండ చెరలో ఆయన పాడిన కీర్తనలకు ఏ తీగా, ఏ ఆంప్లిఫయరూ లేవు. మూడు వందల ఏళ్లు దాటినా ఊరూరా భజనల్లో మోగుతూనే ఉన్నాయి. గుడి దాటి ముందుకెళ్తే చర్ల వైపు ఛత్తీస్‌గఢ్‌ అడవి, చింతూరు వైపు ఆంధ్రప్రదేశ్‌.
సారపాక దగ్గర వంతెన ఎక్కకుండా ఎడమకు తిరిగి అశ్వాపురం మీదుగా వెళ్తే మణుగూరు. మళ్లీ బొగ్గు గనులు, మళ్లీ కరెంటు... 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్‌ కేంద్రం. ఆ మండలంలోనే ఉంది కూనవరం. సకిని రామచంద్రయ్య ఊరు.
రామచంద్రయ్య కోయ డోలు కళాకారుడు. డోలు వాయిస్తూ తమ వీరుల కథలు, వంశాల కథలు పాడే డోలీ కుటుంబాల వారసుడు. అక్షరాలు నేర్చుకోలేదు. కానీ సమ్మక్క సారలమ్మల కథతో సహా తరాల చరిత్ర ఆయన గొంతులో, డోలు దెబ్బలో భద్రంగా ఉండేది. 2022లో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు.
గిటార్‌ గొంతు పోతే కొత్తది పార్సిల్‌లో వస్తుంది. డోలుకు తోలు పాడైతే మరో తోలు బిగించుకోవచ్చు. ఎక్కడ ఏ దెబ్బ పడాలో, ఆ దెబ్బతో ఏ తాత పేరు పలకాలో తెలిసిన మనిషి వెళ్లిపోతే...? దానికి విడిభాగం ఏ దుకాణంలోనూ లేదు.
అయితే ఓ మార్గం ఉంది. పికప్‌లో ఉన్న సూత్రమే వేదికల మీద వాడే మామూలు డైనమిక్‌ మైకులోనూ ఉంది. ఒక అయస్కాంతం, ఒక రాగి చుట్ట. గొంతు తాకిడికి పలచటి పొర కదులుతుంది, చుట్ట వణుకుతుంది, కరెంటు పుడుతుంది. చర్చిలోనో, ఆర్కెస్ట్రాలోనో గిటార్‌ వాయించే కుర్రాడి దగ్గర అలాంటి మైకు ఒకటి ఎలాగూ ఉంటుంది. ఎర్త్‌ ఎక్కడివ్వాలో, హమ్‌ ఎలా తగ్గించాలో ఈపాటికి అతనికి తెలుసు. పక్క గూడెంలో ఇంకా పాడగలిగిన పెద్దమనిషి ఉంటే, ఆయన ఒప్పుకుంటే, ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ పాట పట్టుకోవచ్చు. ఇంటికొచ్చాక ఆ ప్రతిని ముందుగా ఆయన మనవలకే ఇవ్వాలి.
పాత పికప్‌ కవచం సరిచేసుకుంటే మిగిలే డబ్బులో మణుగూరు బస్సు చార్జీ ఎంత?